మన లిపిలో పెద్దక్షరాలు లేవు

(అనువాదకుల వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూచున్న మీ అందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పాలనే ఉంది. కానీ నా ముందు మాట్లాడిన ముగ్గురూ ఆ పని పూర్తిగా చేసేశారు. నాలుగోసారి కూడా అదే వినిపిస్తే మీలో సగం మంది లేచిపోతారు.

నాకిచ్చిన అంశం 'సాంకేతిక అనువాదం: సమస్యలు, పరిష్కారాలు'. కరపత్రంలో అలాగే అచ్చయింది. మూడు పేజీలు రాసుకొచ్చాను కూడా. పారిభాషిక పదాలు, ఫాంట్లు, యూనికోడ్, అన్నీ ఉన్నాయి. కావలసినవాళ్లకు ఆ కాగితాలు తర్వాత ఇస్తాను. ఇవాళ నేను ఒక్క వాక్యం గురించే మాట్లాడదామనుకుంటున్నాను. వినండి: "సేవను ఉపయోగించడం వల్ల గానీ, ఉపయోగించలేకపోవడం వల్ల గానీ మీకు కలిగే ఎటువంటి నష్టానికీ కంపెనీ బాధ్యత వహించదు."

నవ్వుతున్నారంటే మీరూ చేశారన్నమాట ఈ వాక్యాన్ని. నేనైతే పదహారేళ్లుగా చేస్తున్నాను. ఆప్‌ల షరతులు, వెబ్‌సైట్ల షరతులు, వారంటీ కార్డులు. మనకు మాటకింత అని కడతారు కదా. ఒకే కంపెనీ కొత్త ఆప్ తెచ్చినప్పుడల్లా ఈ వాక్యం మళ్లీ వస్తుంది, మన సాఫ్ట్‌వేర్ పాత అనువాదంతో పోల్చి 'నూటికి నూరు మ్యాచ్' అని పచ్చరంగు చూపిస్తుంది, దానికి పావు రేటు. అంటే కోట్ల మంది నోరు కట్టేసే వాక్యాన్ని నేను పావు రేటుకు చేసిపెట్టాను.

ఇందులో 'బాధ్యత' అన్న మాట చూడండి. పిల్లల్ని పెంచడమూ బాధ్యతే, నష్టం కట్టివ్వడమూ బాధ్యతే. ఇంగ్లిషులో ఈ రెంటికీ వేరు వేరు మాటలున్నాయి. మనకూ ఉంది, పూచీ అని. "మాకు పూచీ లేదు" అంటే ఎవరికైనా ఒక్క క్షణంలో ఎక్కుతుంది. వీళ్లు చేతులు దులుపుకుంటున్నారని తెలిసిపోతుంది. ఒకసారి అలాగే రాశాను. ఏజెన్సీ రివ్యూయర్ ఎర్రగా గీసి, "వాడుక మాట, పదకోశంలో లేదు" అని తిప్పిపంపాడు. మళ్లీ 'బాధ్యత వహించదు' చేశాను. పూచీ అంటే జనం ఆగి చదువుతారేమోనని వాళ్ల భయమని నేను అనను. పదకోశం తయారుచేసినవాళ్లకు అంత ఆలోచన ఉండి ఉండదు.

అసలు కథకు వస్తాను. ఈ సంగతి ఏ సభలోనూ చెప్పలేదు, చెప్పకపోతే ఇవాళ ఇక్కడ నిలబడి ప్రయోజనం లేదు.

మా అమ్మకు టైపు చెయ్యడం రాదు. ఏది చెప్పాలన్నా గొంతు రికార్డు చేసి పంపేది. ప్రతిదీ "వినిపిస్తోందా? ఎక్కుతోందా ఇది?" అని మొదలయ్యేది. అవన్నీ ఒక ఫైళ్లు దాచుకునే ఆప్‌లో పెట్టుకున్నాను, అరవై మూడు ఫైళ్లు. అమ్మ పోయాక ఏడాది పైన వాటి జోలికి వెళ్లలేదు. వినే ధైర్యం లేక. ధైర్యం వచ్చి తెరిచేసరికి ఖాతానే లేదు. వాడకం లేనందువల్ల మూసివేశాం, ముందుగా తెలియజేశాం, అన్నారు. తెలియజేసింది నేను వాడటం మానేసిన పాత మెయిలుకి. నా తప్పు లేదనను. రెండో కాపీ పెట్టుకోవాల్సింది, పెట్టుకోలేదు.

నాలుగు ఉత్తరాలు రాశాను. మూడింటికి యంత్రం జవాబిచ్చింది. నాలుగోదానికి మనిషి జవాబిచ్చాడు, ఇంటిపేరు లేని మనిషి. దయచేసి మా షరతుల్లో పదకొండో సెక్షను చూడగలరు, అని లింకు. నొక్కితే తెలుగు పేజీ తెరుచుకుంది. "సేవ 'ఉన్నది ఉన్నట్లుగా' అందించబడుతుంది." "ఏ కారణం చేతనైనా, లేదా ఏ కారణమూ లేకుండానైనా, సేవను నిలిపివేసే హక్కు మాకు ఉంటుంది." ఆ తర్వాత మన వాక్యం. అది నా తెలుగో, నాలాంటి మరొకరిదో ఇప్పటికీ తెలీదు. అందరం ఒకేలా రాస్తాం కదా. కానీ 'అందించబడుతుంది' అని నేను రాస్తానని నాకు తెలుసు.

దాని కింద ఇంకో క్లాజు: ఒకవేళ మా మీద బాధ్యత పడినా, అది గత పన్నెండు నెలల్లో మీరు మాకు చెల్లించిన మొత్తాన్ని మించదు. నేను ఉచిత ఖాతా వాడాను. కట్టింది సున్నా.

కాసేపు నీళ్లు తాగుతాను.

సరే. ఇది కంప్యూటర్లతో పుట్టిన జబ్బు అనుకుంటాం. కాదు, రైళ్ల నాటిది. 1877లో ఇంగ్లండులో ఒక కేసు తేలింది. ఒకాయన రైల్వే స్టేషన్లో సామాన్ల గదిలో సంచి పెట్టాడు. చీటీ ఇచ్చారు. ముందు వైపు 'వెనక చూడుము' అని ఉంది. వెనక, పది పౌండ్ల విలువ దాటిన వస్తువుకు మా పూచీ లేదని ఉంది. సంచి పోయింది. నేను చదవలేదయ్యా అన్నాడాయన. కోర్టు ఏమంది? చదివావా లేదా అన్నది కాదు ప్రశ్న, షరతు ఉందని నీకు తెలిసేలా కంపెనీ తగినంత చేసిందా లేదా అన్నది ప్రశ్న, అంది. ఇవాళ మన ఫోన్లో 'అంగీకరిస్తున్నాను' అన్న బొత్తాం ఆ చీటీకి మునిమనవరాలు.

తర్వాత లార్డ్ డెనింగ్ అని ఒక జడ్జి వచ్చాడు. 1956లో ఆయన అన్న మాట నాకు చాలా ఇష్టం. కొన్ని షరతులు ఎంత ఘోరంగా ఉంటాయంటే, వాటిని ఎర్ర సిరాతో అచ్చేసి, వాటివైపు చూపించే ఎర్రటి చెయ్యి బొమ్మ ఒకటి వేస్తే తప్ప చెల్లనివ్వకూడదు, అన్నాడు. ఆయనే 1970లో ఇంకో కేసు విన్నాడు. కారు పార్కింగులో యంత్రం టిక్కెట్టు ఇస్తుంది, షరతులు లోపల గోడ మీద ఉంటాయి. ఒకాయన లోపల గాయపడ్డాడు. గాయాలకు కూడా మా పూచీ లేదని ఆ గోడ మీది మాట. ఆ మనిషి యంత్రంతో వాదించగలడా, తిట్టినా అది చలిస్తుందా, టిక్కెట్టు చేతికొచ్చేసరికి ఒప్పందం అయిపోయింది, ఆ గోడ మీది రాత చెల్లదు, అన్నాడు. 1977కల్లా అక్కడ చట్టమే వచ్చింది, నిర్లక్ష్యం వల్ల మనిషి చచ్చినా గాయపడినా షరతు చూపించి తప్పించుకోవడానికి వీల్లేదని. 1960ల్లో మన మద్రాసు హైకోర్టు కూడా, చీర పోగొడితే విలువలో పదిహేను శాతమే ఇస్తామన్న ఒక లాండ్రీ రసీదు షరతు చెల్లదు పొమ్మంది.

ఇప్పుడు ఎర్ర చెయ్యి దగ్గరే ఆగండి. అందరూ ఫోన్లు తియ్యండి. నిజంగానే, తియ్యండి. ఏదో ఒక ఆప్ షరతులు ఇంగ్లిషులో తెరవండి. కిందికి జరపండి, ఇంకా, ఇంకా. అక్కడ ఒక పేరా మొత్తం పెద్దక్షరాల్లో కనిపిస్తుంది. దొరికిందా? ముందు వరసలో తల ఊపుతున్నారు. ఎందుకలా అరుస్తుందో తెలుసా? అమెరికాలో యూనిఫాం కమర్షియల్ కోడ్ అని వ్యాపార నియమావళి ఒకటి ఉంది. అమ్మిన వస్తువు పనికొస్తుందన్న సహజమైన హామీని కాగితం మీద వదిలించుకోవాలంటే, ఆ మాట కొట్టొచ్చినట్టు కనబడాలి అంటుందది. అందుకని వకీళ్లు పెద్దక్షరాలు అలవాటు చేసుకున్నారు. చదవడానికి నరకం, అయినా కంటికి తగులుతుంది.

మన లిపిలో పెద్దక్షరాలు లేవు. ఆ పేరా తెలుగులోకి వచ్చేసరికి పక్క పేరాలో కలిసిపోతుంది. ఆ గొంతు పోతుంది. మొదట్లో ఏజెన్సీని అడిగాను, లావు అక్షరాలు పెట్టనా అని. ఫార్మాటింగ్ ముట్టుకోవద్దు అన్నారు. సరే అన్నాను. ఆ ఫైలు చివర ఎప్పుడూ ఉండే మాట మీకు తెలుసు: అనువాదానికీ ఇంగ్లిషు ప్రతికీ తేడా వస్తే ఇంగ్లిషు ప్రతే చెల్లుతుంది. అంటే నా పనికి విలువ లేదని నేనే తెలుగులో రాసి, దానికీ బిల్లు పెట్టాను.

పెట్టినా ఎవరు చదువుతారమ్మా, అంటారు మీరు. నిజమే. 2010లో బ్రిటన్లో ఒక వీడియో గేముల దుకాణం ఏప్రిల్ ఒకటిన షరతుల్లో 'మీ అమర ఆత్మను మాకు రాసిస్తున్నారు' అని చేర్చింది. ఏడున్నర వేల మంది ఒప్పుకున్నారు. ఇద్దరు పరిశోధకులు 543 మంది విద్యార్థుల చేత ఒక బూటకపు వెబ్‌సైటులో చేరిపించారు, షరతుల్లో మొదటి బిడ్డను మాకివ్వాలి అని పెట్టి. 98 శాతం మంది అది గమనించనే లేదు. చదవరని మనకు తెలుసు, రాసేవాళ్లకు ఇంకా బాగా తెలుసు. చదవరన్న లెక్కతోనే అది రాస్తారు.

పూచీ లేదనడం కన్నా పెద్ద ఎత్తు ఇంకొకటుంది: కోర్టుకు రాకుండా చెయ్యడం. గొడవ వస్తే ఆర్బిట్రేషన్‌కే, అంటే కోర్టు బయట మధ్యవర్తి దగ్గరికే వెళ్లాలి, ఒంటరిగా వెళ్లాలి, పదిమందీ కలిసి దావా వెయ్యకూడదు. 2011లో అమెరికా సుప్రీం కోర్టు దీనికి ముద్ర వేసింది. ఆ కేసులో ఉచితం అన్న ఫోనుకు పన్ను పేరుతో పట్టుకున్నది 30 డాలర్ల 22 సెంట్లు. దానికోసం ఒంటరిగా ఎవడు వకీలును పెట్టుకుంటాడు? కెనడాలో ఊబర్ డ్రైవర్ ఒకాయన కేసు వేస్తే, నువ్వు నెదర్లాండ్స్ పద్ధతిలో ఆర్బిట్రేషన్‌కు రావాలి, ముందు 14,500 డాలర్లు కట్టు, అన్నారు. ఇది ఒప్పందమేనా అని 2020లో అక్కడి సుప్రీం కోర్టు దాన్ని కొట్టేసింది. న్యూజెర్సీలో మటుకు 2024లో కంపెనీయే గెలిచింది. ఊబర్ కారులో ప్రమాదమై భార్యాభర్తలు తీవ్రంగా గాయపడ్డారు. అంతకు ముందు ఊబర్ వాళ్ల తిండి తెచ్చిచ్చే ఆప్‌లో పిజ్జా తెప్పించేటప్పుడు ఆ భార్య ఫోన్లో 'అంగీకరిస్తున్నాను' నొక్కి ఉంది. నొక్కింది మా పిల్ల అన్నారు వాళ్లు. అయినా ఆర్బిట్రేషనే అంది కోర్టు.

డిస్నీ సంగతి చాలామంది విని ఉంటారు. ఫ్లోరిడాలో వాళ్ల వాణిజ్య ప్రాంగణంలోని ఒక రెస్టారెంటులో తిన్నాక ఎలర్జీతో ఒక డాక్టరమ్మ చనిపోయింది, 2023లో. భర్త దావా వేశాడు. రెస్టారెంటు మాది కాదు, స్థలమే మాది అన్నారు, సరే, అది వాదన. దాంతో పాటు, నువ్వు 2019లో డిస్నీ ప్లస్ ఒక నెల ఉచితంగా చూశావు, అప్పుడే కోర్టుకు రానని ఒప్పుకున్నావు, అన్నారు. సినిమాలు చూడ్డానికి ఇచ్చిన ఒప్పుకోలు, భార్య చావుకు! లోకమంతా ఛీ అనేసరికి 2024 ఆగస్టులో ఆ వాదన వెనక్కి తీసుకున్నారు. తీసుకున్నది ఆ ఒక్క కేసులోనే. షరతు అలాగే ఉండిపోయింది.

ఒక్కటి చెప్పి సంతోషిస్తాను. ఒంటరిగానే రావాలన్నారు కదా, వచ్చారు. అమెరికాలో ఇంటికి తిండి తెచ్చిచ్చే డోర్‌డాష్ కంపెనీ డెలివరీ వాళ్లు ఐదు వేల మందికి పైగా విడివిడిగా ఆర్బిట్రేషన్ వేశారు. ఒక్కో దానికి కంపెనీ కట్టాల్సిన ఫీజులు కలిపితే కోటి డాలర్ల దరిదాపుల్లో తేలింది. ఇంతమంది ఒక్కసారి వస్తే ఎలా, అని కంపెనీయే గోలపెట్టింది. మీరు రాసిన షరతే కదా, కట్టండి, అన్నాడు జడ్జి 2020లో. అమెజాన్ మీద 75 వేల ఆర్బిట్రేషన్లు పడ్డాయి. మరుసటేడు వాళ్లు ఆర్బిట్రేషన్ షరతే ఎత్తేశారు, కోర్టుకే రండి బాబూ అని.

చీటీ వచ్చింది. ఐదు నిమిషాలు అని రాశారు. చిత్తం.

మిమ్మల్ని అడిగేది ఒక్కటే. 'వర్తించే చట్టం అనుమతించిన గరిష్ఠ మేరకు' అని ఈ పేరాలన్నిట్లో ఒక ముక్క ఉంటుంది, మీకు కంఠతా వచ్చు. మామూలు మాటల్లో, మేం పైన రాసిన వాటిలో మీ చట్టం ప్రకారం కొన్ని చెల్లకపోవచ్చు, ఏవి చెల్లవో మేం చెప్పం, అని దానర్థం. చదివినవాడు మాత్రం దారులన్నీ మూసుకుపోయాయనుకుని ఇంటికెళ్లిపోతాడు. నేనూ అలాగే వెళ్లిపోయాను. పదహారేళ్లు ఆ ముక్కను తెలుగు చేసినదాన్ని, నా ఉత్తరానికి జవాబుగా అదే ముక్క వస్తే, సరే అయిపోయిందనుకుని ఫోను పక్కన పెట్టేశాను. ఫలానా చట్టం నాకేమన్నా ఇస్తుందా అని ఒక్క వకీలునైనా అడగలేదు. ఈ వాక్యం చేసే పని అది. కోర్టు దాకా వెళ్తే నిలబడుతుందో లేదో తర్వాతి మాట, గుమ్మం దగ్గరే మనిషిని వెనక్కి తిప్పేస్తుంది.

కాబట్టి ఇకమీదట మీకు ఆ పెద్దక్షరాల పేరా వచ్చినప్పుడు, వ్యాఖ్యల గడిలో ప్రతిసారీ రాయండి: 'మూలంలో ఇది ప్రస్ఫుటంగా ఉంది, తెలుగులో ఎలా చూపిద్దాం?' అని. వద్దంటారు. మళ్లీ రాయండి. మనం రాశామన్న సంగతి ఆ ఫైల్లో ఉంటుంది. పోయిన నెల నుంచి నేను రాస్తున్నాను. రెండు ఫైళ్లకు వద్దన్నారు, మూడోదానికి ఇంకా జవాబు లేదు.

ఇంకో మాట, చీటీ పంపిన వారు మన్నించాలి. ఇందాక మెట్లెక్కుతుంటే ఒక అబ్బాయి కాగితం ఇచ్చాడు, ప్రసంగం నెట్లో పెట్టడానికి సంతకం కావాలమ్మా అని. చేసేశాను. చదవలేదు. ఇక్కడ కూచున్నాక చదివాను. "వక్త అభిప్రాయాలకు నిర్వాహకులు ఎటువంటి భాద్యత వహించరు." బకు ఒత్తు పెట్టి, దకు తీసేశారు. ఆ అబ్బాయి ఎక్కడున్నాడు? ఇటు రా నాయనా, కంగారేం లేదు. ఆ మాటొకటి దిద్దిచ్చేస్తాను. ఎవరి దగ్గరైనా ఎర్ర పెన్ను ఉందా?