ఓడ గదిలో గొంతులు: నిద్రమందు ఒక రచయితను ఎలా నమ్మించింది

[తెర మీద: చీకటి. ఓడ ఇంజను చప్పుడు. మెల్లగా ఒక చిన్న గది, మూసిన తలుపు.]

1954 ఫిబ్రవరి. ఇంగ్లండ్ నుంచి బయల్దేరిన స్టాఫర్డ్‌షైర్ అనే ఓడలో ఒక యాభై ఏళ్ల మనిషి చెవులు రిక్కించి కూర్చున్నారు. ఆయన వెళ్లాల్సింది సిలోన్‌కి, అంటే ఇప్పటి శ్రీలంకకి. ఎవరో ఆయన గురించే మాట్లాడుకుంటున్నారు. ఆయన మనసులో అనుకున్నది అనుకున్నట్టు పైకి చెప్పేస్తున్నారు. తలుపు తీసి చూస్తే మనిషి జాడ లేదు.

ఆయన పేరు ఎవలిన్ వా. ఇంగ్లీషు నవలల్లో పెద్ద పేరు. ఆ ప్రయాణం అయ్యాక, 1957లో, తనకు జరిగిందాన్నే నవలగా రాశారు. అందులో హీరో పేరు గిల్బర్ట్ పిన్‌ఫోల్డ్. ప్రతి వివరం అచ్చంగా అలాగే జరిగిందని చెప్పలేం గానీ, అది తన కథేనని వా ఎప్పుడూ దాచుకోలేదు.

[తెర మీద: మందు సీసా, పక్కన గ్లాసు.]

అంతా నిద్ర దగ్గర మొదలైంది. వాకి ఏళ్ల తరబడి సరిగ్గా నిద్ర పట్టేది కాదు. క్లోరాల్, బ్రోమైడ్ ఉన్న నిద్రమందు తాగేవారు. దానికి తోడు మద్యం. నవలలో పిన్‌ఫోల్డ్ అయితే కొలత కూడా చూసుకోడు, చేతికొచ్చినంత వంపుకుంటాడు. చేదు తెలియకుండా పుదీనా లిక్కర్ కలుపుతాడు. కీళ్ల నొప్పులకి ఊరి డాక్టరు వేరే మాత్రలు ఇస్తే, ఈ నిద్రమందు సంగతి ఆయనకి చెప్పనే చెప్పడు. అలవాటు ముదిరిందని నాకు అర్థమైంది ఇక్కడే. ఎంత తాగాడన్నది పక్కన పెట్టండి, డాక్టరు దగ్గర దాచాడు చూశారా, అదీ గుర్తు.

ఇప్పుడు బ్రోమైడ్ ఒంట్లో ఏం చేస్తుందో చూద్దాం. మనం తినే ఉప్పులో క్లోరైడ్ ఉంటుంది. బ్రోమైడ్ దానికి దగ్గరి చుట్టం. మన కిడ్నీలు రెంటికీ తేడా సరిగ్గా పట్టలేవు. బయటికి పంపాల్సిన బ్రోమైడ్‌ని చాలావరకు మళ్లీ లోపలికే లాక్కుంటాయి. అందుకే ఈ రోజు తాగిన మందులో సగం బయటికి పోవడానికి సుమారు 12 రోజులు పడుతుంది. ఈలోపు రోజూ ఇంకో మోతాదు పడుతూనే ఉంటుంది. అడుగున సన్నటి చిల్లు ఉన్న కుండలో రోజూ చెంబుడు నీళ్లు పోస్తే ఎలా నిండుతుందో, ఒళ్లు అలా నిండుతుంది. ముందు మతిమరుపు వస్తుంది, మాట తడబడుతుంది. తర్వాత లేనివి వినిపిస్తాయి. దీనికి పాత వైద్యం ఏంటో తెలుసా? ఉప్పే. క్లోరైడ్ ఎక్కువగా అందితే కిడ్నీలు బ్రోమైడ్‌ని వదిలేస్తాయి.

[తెర మీద: గది గోడ వెంట పాకుతున్న వైర్లు.]

నన్ను బాగా కలవరపెట్టింది మాత్రం ఆ తర్వాత జరిగింది. గొంతులు వినగానే పిన్‌ఫోల్డ్ "నాకేదో అయింది" అనుకోడు. కారణం వెతుకుతాడు. యుద్ధం రోజుల్లో ఓడలో వేసిన వైర్లు ఇంకా ఉండుంటాయి, వేరే గదుల్లో మాటలు వాటి మీదుగా తన గదిలోకి వస్తున్నాయి అని తేల్చుకుంటాడు. ఎంత సబబుగా ఉందో చూడండి! ఇద్దరు కుర్రాళ్ల గొంతులు కొట్టడానికి వస్తామంటే చేతికర్ర పట్టుకుని ఎదురుచూస్తాడు. వాళ్లు రారు. రాకపోతే అనుమానం రావాలి కదా? రాదు. దానికీ ఇంకో కారణం దొరుకుతుంది. వైర్ల లెక్క కుదరనప్పుడు, దూరం నుంచే మనుషుల్ని ఆడించే ఒక పెట్టె ఉందంటాడు. వీటన్నిటి వెనక, అంతకుముందు తన ఇంటికొచ్చి ఇంటర్వ్యూ చేసిన బీబీసీ మనిషి ఉన్నాడంటాడు.

గొంతుల్ని మందు తెచ్చిపెట్టింది. వాటికి పేర్లు, పగలు, ఒక వరస ఇచ్చింది మాత్రం ఆయన బుర్రే. జీవితమంతా పాత్రల్ని పుట్టించి, వాళ్ల చేత మాట్లాడించి, తెగిన పోగులు ముడేసిన బుర్ర అది. చేయి తిరిగిన కథకుడు కాబట్టే అబద్ధానికి అంత చక్కటి అతుకు పడింది. "అంత తెలివైనవాడు ఇంత పిచ్చి మాటలు ఎలా నమ్మాడు" అని మనవాళ్ల గురించి కూడా అంటుంటాం. ఆ తెలివే ఇక్కడ మందుకి కూలి లేకుండా పనిచేసింది.

[తెర మీద: పాత నల్ల టెలిఫోను.]

ఈ కథల అల్లిక నవలలో ఎక్కడ తెగుతుంది? భార్య దగ్గర. ఆమె వాదించదు, తిట్టదు. వాకబు చేసి వచ్చి ఒకే మాట చెబుతుంది: ఆ బీబీసీ మనిషి అసలు ఇంగ్లండ్ దాటలేదు. ఊరి డాక్టరేమో ఇది మామూలు విషప్రభావం లాగే ఉందంటాడు. నిజ జీవితంలో ఎవలిన్ వాకి వైద్యం చేసింది ఎరిక్ స్ట్రాస్ అనే మానసిక వైద్యుడు. నిద్రమందు మార్చారు. గొంతులు ఆగిపోయాయి.

మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే ఒక్క జాగ్రత్త. ఏళ్ల తరబడి తాగుతున్న మద్యాన్ని గానీ నిద్రమాత్రల్ని గానీ ఒక్కసారిగా ఆపించకండి. ఉన్నట్టుండి ఆపినా ఫిట్స్ రావచ్చు, గొంతులు వినిపించవచ్చు. డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే 14416కి చేయండి. ప్రభుత్వ టెలీ మానస్ లైను, తెలుగులో మాట్లాడతారు.

"రెండు పెగ్గులు పడితేగానీ పాట రాదు" అని మన దగ్గర గొప్పగా చెప్పుకుంటారు. ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది. ఓడలో గొంతులు వినిపించిన రోజుల్లో వా చేతికి ఆ నవల రాలేదు. ఒళ్లు కుదుటపడ్డాక వచ్చింది.

[తెర మీద: పొయ్యి వెలుగు, బల్ల మీద కాగితాలు.]

నవల చివర్లో పిన్‌ఫోల్డ్ ఇంటికి చేరతాడు. చలిమంట వెలుగుతుంటుంది. సగంలో ఆగిన పాత నవల సొరుగులోంచి తీసి, తిరగేసి చూసి, మళ్లీ లోపల పెట్టేస్తాడు. తెల్ల కాగితం ముందుకు లాక్కుని, ఓడలో తనకు జరిగింది రాయడం మొదలుపెడతాడు.