బడి గడప లోపలికి రండి: మన ప్రాథమిక పాఠశాలలో జరిగినవి, జరగబోయేవి

వ్యాఖ్యాత: నమస్కారం. మన ఊరి బడి గురించి మనమే మాట్లాడుకునే ఈ పాడ్‌కాస్ట్‌కు అందరికీ స్వాగతం. ఈ డిసెంబర్ మొదటి వారంలో మన మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు మనతో ఉన్నారు. దసరా సెలవుల ముందు నుంచి మొన్న నవంబర్ చివరి దాకా బడిలో ఏమేమి జరిగాయో, సంక్రాంతి, గణతంత్ర దినోత్సవం నాటికి ఊరివాళ్లం ఏయే కార్యక్రమాలలో పాలుపంచుకోవచ్చో ఆమెను అడిగి తెలుసుకుందాం. మా అమ్మాయి అక్కడే రెండో తరగతి చదువుతోంది కనుక నేను తండ్రిగా కూడా కొన్ని ప్రశ్నలు అడుగుతాను, మేడమ్.

ప్రధానోపాధ్యాయురాలు: తప్పకుండా అడగండి. తల్లిదండ్రులు అడగడం లేదన్నదే ఇన్నాళ్లుగా నాకున్న బాధ.

వ్యాఖ్యాత: బతుకమ్మతో మొదలుపెడదాం. ఈసారి మా అమ్మను కూడా బడికి పిలిపించారు. ఆమె బడిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి.

ప్రధానోపాధ్యాయురాలు: ఆమెతో పాటు చాలామంది పెద్దమ్మలు, నానమ్మలు వచ్చారు. పండుగ రోజుల్లో పిల్లలకు సెలవులు ఉంటాయి కాబట్టి మన బడులన్నింటిలోనూ సెలవులకు ముందే బతుకమ్మ ఆడిస్తాము. గతంలో మేము ఉపాధ్యాయులమే పూలు తెప్పించి, బతుకమ్మను పేర్చి, ఫోటోలు తీసి ముగించేవాళ్లం. ఈసారి ప్రతి పిల్లవాడూ తాను తెచ్చిన పువ్వు పేరు, అది దొరికిన చోటు చెప్పాలని నియమం పెట్టాము. తంగేడు, గునుగు, కట్ల, సీతజడ, బంతి, చామంతి, గుమ్మడి పూలు వచ్చాయి. చెలక గట్ల మీద తమంతట తాము మొలిచేవి ఏవి, మనం ఇంటి దగ్గర నాటుకునేవి ఏవి అని మూడో తరగతి పిల్లలు రెండు కుప్పలుగా విడదీశారు. పరిసరాల విజ్ఞానం పుస్తకంలో మొక్కల పాఠాన్ని నేను ఎన్నోసార్లు చెప్పాను కానీ, ఆ రెండు కుప్పల ముందు కూర్చుని పిల్లలు వాదించుకున్నంత శ్రద్ధగా ఏ ఏడూ ఎవరూ వినలేదు.

వ్యాఖ్యాత: పేర్చడం మాత్రం మా అమ్మ వాళ్లే పేర్చారు కదా?

ప్రధానోపాధ్యాయురాలు: అవును, తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, వాటిపై వరుసలు ఎలా నిలబెట్టాలో వాళ్లే నేర్పారు. పైకి పోయేకొద్దీ ఒక్కో వరుసకు ఎన్ని పూలు తగ్గుతున్నాయో నాలుగో తరగతి పిల్లలు లెక్కపెట్టి పలక మీద రాశారు. ఆ తర్వాత పెద్దమ్మలు పాట ఎత్తుకుంటే పిల్లలు ‘ఉయ్యాలో’ అని అందుకున్నారు. ఆ పాటల్లో రెండింటిని ఐదో తరగతి పిల్లలు విని రాసుకుని గోడకు అంటించారు. చదవడంలో వెనుకబడిన పిల్లలు ఇప్పుడు మొదట ఆ గోడ దగ్గరికే వెళ్తున్నారు. పాట నోటికి వచ్చి ఉంటుంది కాబట్టి అక్షరం మీద వేలు పెట్టి చదవడానికి వాళ్లకు భయం ఉండదు. మీ అమ్మగారికి చదువు రాదని మీరు నాతో ఒకసారి అన్నారు. మా గోడ మీద ఈ రోజు ఉన్న పాఠాల్లో ఒకటి ఆమె చెప్పినదే.

వ్యాఖ్యాత: ఈ మాట ఇంటికి వెళ్లగానే ఆమెకు చెబుతాను, మేడమ్. నవంబర్ 14న జరిగిన స్వపరిపాలన దినోత్సవం గురించి కూడా చెప్పండి. మా అమ్మాయి ఆ రోజు వాళ్ల అమ్మ చీర చుట్టుకుని వచ్చింది.

ప్రధానోపాధ్యాయురాలు: చీరల ముచ్చట్లు అందరికీ గుర్తుంటాయి. ఆ రోజు ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న ఐదో తరగతి బాలుడు నా కుర్చీలో కూర్చుని చేసిన పని నాకు బాగా గుర్తుండిపోయింది. మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లలకు తలా 100 గ్రాముల బియ్యం చొప్పున లెక్క కట్టి వండాలి. ఆ రోజు హాజరు 48. ఆ బాలుడు హాజరు పట్టీ చూసి, 4 కిలోల 800 గ్రాములు అని రాసి, వంట చేసే అమ్మ దగ్గరికి వెళ్లి తూకం వేయించాడు. వడ్డించే ముందు ఒక ఉపాధ్యాయుడు రుచి చూడాలన్న నియమాన్ని కూడా విడిచిపెట్టలేదు. పప్పులో ఉప్పు తక్కువైందని ఆమెకు ఎంతో మర్యాదగా చెప్పాడు. గుణకారాలు చేయమంటే తల దించుకునే పిల్లవాడు అతడు. లెక్క తప్పితే తోటివాళ్లకు అన్నం చాలదని తెలిసినప్పుడు గుణకారం దానంతట అదే వచ్చింది.

వ్యాఖ్యాత: నవంబర్ 26న కూడా ఏదో చేశారని విన్నాను.

ప్రధానోపాధ్యాయురాలు: 1949లో అదే తేదీన మన రాజ్యాంగాన్ని ఆమోదించారు కాబట్టి ప్రార్థన సమయంలో ఐదో తరగతి పిల్లలు పీఠికను చదివారు. సమానత్వం అనే మాటకు తమ తరగతి గదిలో అర్థం ఏమిటో ఇద్దరు పిల్లలు మాట్లాడారు. చిన్న కార్యక్రమమే అయినా శ్రద్ధగా జరిగింది.

వ్యాఖ్యాత: ఇప్పుడు తండ్రిగా నా మొదటి ప్రశ్న. నెలలో మూడో శనివారం తల్లిదండ్రుల సమావేశానికి పిలుస్తున్నారు. ఈ రోజుల్లో పత్తి ఏరడానికి, వరి కోతలకు పోయేవాళ్లు ఎలా రాగలరు?

ప్రధానోపాధ్యాయురాలు: మీరన్నది నిజమే. నవంబర్‌లో ఒక పూట కూలీ పోగొట్టుకుని బడికి రమ్మని అడగడం న్యాయం కాదు. అందుకే గత నెల వీలున్నవాళ్లు ఉదయం పనికి వెళ్లే ముందే రావచ్చని చెప్పాము. వచ్చినవాళ్లకు మార్కుల పట్టిక చేతికిచ్చి సంతకం పెట్టించుకోవడం కూడా మానుకున్నాము. వాళ్ల పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టి, కథల పుస్తకంలోంచి ఒక పేజీ వాళ్లకు చదివి వినిపించమన్నాము. మార్కులు చూసి అర్థం చేసుకోలేని తల్లి కూడా తన బిడ్డ ఎక్కడ ఆగుతున్నాడో, ఎక్కడ గడగడా పోతున్నాడో విని చెప్పగలదు. ‘రోజూ రాత్రి ఇలా ఒక పేజీ చదివించుకుంటే చాలా, మేడమ్?’ అని ఒక తల్లి అడిగింది. చాలు అన్నాను. నిజంగానే అది చాలు.

వ్యాఖ్యాత: మా అమ్మాయి చదువుతుంది కానీ నెమ్మదిగా చదువుతుంది. నిమిషానికి ఇన్ని పదాలు చదవాలని ఏదో లక్ష్యం ఉందట కదా? అది విన్నప్పటి నుంచి నాకు దిగులుగా ఉంది.

ప్రధానోపాధ్యాయురాలు: 2021లో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం కింద మూడో తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలన్న లక్ష్యం ఉంది. అందులో ‘అర్థం చేసుకుంటూ’ అన్న మాటను నేను గట్టిగా పట్టుకుంటాను. మన తెలుగులో ఒక్క పదంలోనే ఎన్నో విషయాలు ఇమిడిపోతాయి. ‘వెళ్లిపోయినప్పటినుంచీ’ అన్నది ఒకే పదం. దాన్ని విడదీసుకుని, కూడగట్టుకుని చదివే రెండో తరగతి పాపకు కొంత సమయం పడుతుంది. చదివాక కథలో ఏమైందో మీ అమ్మాయి చెప్పగలుగుతోందా?

వ్యాఖ్యాత: చెబుతుంది. ఆ కథ అలా ముగిసి ఉండకూడదని కూడా అంటుంది.

ప్రధానోపాధ్యాయురాలు: అయితే దిగులు పడకండి. వేగం వస్తుంది. గడియారం పెట్టుకుని మాత్రం ఇంట్లో చదివించకండి.

వ్యాఖ్యాత: చాలా ధైర్యం చెప్పారు, మేడమ్. ఇక రాబోయే వాటిలోకి వద్దాం. ఈ నెల గణిత దినోత్సవం ఉంది కదా?

ప్రధానోపాధ్యాయురాలు: శ్రీనివాస రామానుజన్ 1887 డిసెంబర్ 22న పుట్టారు. 2012 నుంచి ఆ తేదీని జాతీయ గణిత దినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఈసారి మేము బడి ఆవరణలోనే పిల్లల చేత సంత పెట్టిస్తున్నాము. ఇంట్లో పండిన చిక్కుడు, టమాట, ఆకుకూరలు, రేగుపండ్లు, అటుకులు, పల్లీలు ఏవి ఉన్నా కొద్దిగా పంపితే చాలు. పావుకిలో, అరకిలో తూకం వేయడం, చిల్లర లెక్కపెట్టి ఇవ్వడం, సాయంత్రానికి ఎంత అమ్మారో రాసుకోవడం పిల్లలే చేస్తారు. మీరు చేయవలసింది వచ్చి కొనడమే. బేరం కూడా ఆడండి. అయితే వాళ్లు చిల్లర లెక్కపెట్టడంలో ఆలస్యమైతే మీరే చెప్పేయకండి, ఓపికగా ఆగండి. అన్నింటికంటే ముఖ్యమైన విన్నపం, ఎవరి ఇంట్లోనైనా పాత తక్కెడ, రాళ్లు ఉంటే రెండు రోజులకు ఇవ్వండి. ఎలక్ట్రానిక్ కాటా అంకెను చూపించి ఊరుకుంటుంది. తక్కెడ అయితే రెండు పక్కలూ సమానం కావడం పిల్లల కళ్ల ముందే కనబడుతుంది.

వ్యాఖ్యాత: మా చిన్నాన్న దగ్గర ఒకటి ఉంది, నేను తెస్తాను. జనవరి 3న కూడా ఒక కార్యక్రమం ఉందన్నారు.

ప్రధానోపాధ్యాయురాలు: అది సావిత్రిబాయి ఫూలే జయంతి. 1831లో మహారాష్ట్రలోని నాయగావ్‌లో పుట్టిన ఆమె 1848లో పుణెలో ఆడపిల్లల కోసం బడి నడిపారు. 2025 నుంచి మన తెలంగాణ రాష్ట్రంలో ఆ రోజును మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఆ రోజు మా చేత ఉపన్యాసాలు ఇప్పించుకోవద్దని పిల్లలకు చెప్పాను. మన ఊరిలో పదో తరగతి మొదట పూర్తి చేసిన ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్లను పిలిచి, బడికి ఎంత దూరం నడిచి వెళ్లారో, ఇంట్లో ఎవరు వద్దన్నారో, ఎవరు పంపారో పిల్లలు ప్రశ్నలు వేసి రాసుకుంటారు. వాళ్లలో ఒకరు ఇప్పుడు గ్రామ సమాఖ్య పనులు చూస్తున్నారు. మా బడి పనులు చూసే తల్లుల కమిటీ అయిన ‘అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ’లో కూడా ఆమె ఉన్నారు.

వ్యాఖ్యాత: సంక్రాంతి సెలవులకు ముందు ముగ్గుల పోటీ ప్రతి ఏడూ ఉండేదే కదా?

ప్రధానోపాధ్యాయురాలు: ఉండేదే కానీ, ఈసారి పోటీ లేదు. తల్లీ బిడ్డా కలిసి వేస్తారు, బహుమతులు ఉండవు. తండ్రులు, తాతలు కూడా చేయి కలపవచ్చు. ముగ్గు వేసే తల్లి చేతిలో ఎంత గణితం ఉందో పిల్లలు చూడాలని నా కోరిక. ఏడు చుక్కలు, నాలుగు వచ్చే వరకు సందు చుక్క అని మనం అలవాటుగా అనేస్తాము. నడుమ ఏడు, దానికి ఇరువైపులా ఆరు, ఐదు, నాలుగు చొప్పున పెట్టుకుంటూ పోతే మొత్తం ఎన్ని చుక్కలు అవుతాయి?

వ్యాఖ్యాత: ఒక్క నిమిషం ఆగండి. ఆరు, ఐదు, నాలుగు కలిపితే పదిహేను. రెండు వైపులా కలిపి ముప్పై. నడుమ ఏడు. ముప్పై ఏడు.

ప్రధానోపాధ్యాయురాలు: సరిగ్గా 37. ఇరువైపులా ఉన్న వాటిని జత చేసి లెక్కించవచ్చని మీరు ఇప్పుడు కనిపెట్టినట్టే పిల్లలు కూడా కనిపెడతారు. ఆ తర్వాత ముగ్గును నడిమికి మడిస్తే ఒక సగం మరో సగంపై సరిపడుతుందా అని కాగితం మీద గీసి చూస్తారు. సౌష్ఠవం అనే పెద్ద మాటను నేను ఆ తర్వాతే చెబుతాను. ముగ్గుకు బియ్యపు పిండి తెచ్చుకోవాలని అందరికీ మనవి. చీమలకు, పిచ్చుకలకు తిండి దొరుకుతుంది, చిన్న పిల్లల చేతులకూ కళ్లకూ రంగుల పొడి బాధ ఉండదు.

వ్యాఖ్యాత: జనవరి 26న జెండా వందనం తర్వాత మిఠాయిలు పంచుకుని వెళ్లిపోతుంటాం. ఈసారి భోజనాలు పెడతారని అంటున్నారు.

ప్రధానోపాధ్యాయురాలు: తిథి భోజనం అనే పద్ధతి ఒకటి ఉంది. పుట్టినరోజు, పెళ్లిరోజు, పెద్దల జ్ఞాపకం, ఏదైనా సందర్భంలో ఊరివాళ్లు బడి పిల్లలకు భోజనం గానీ, అదనంగా ఒక పదార్థం గానీ పెట్టవచ్చు. మామూలుగా వండే మధ్యాహ్న భోజనానికి అది తోడు కావాలే తప్ప దానికి బదులు కాకూడదు. ఒక కుటుంబం పాయసానికి సామగ్రి ఇస్తామని ముందుకు వచ్చింది, మరొకరు అరటిపండ్లు ఇస్తామన్నారు. వంట మాత్రం మన బడి వంటగదిలోనే, మన వంట అమ్మల చేతనే జరుగుతుంది. ముందుగా పెద్దలు రుచి చూసిన తర్వాతే పిల్లలకు వడ్డిస్తాము. ఎవరైనా డబ్బు ఇవ్వదలిస్తే ఉపాధ్యాయుల చేతికి ఇవ్వవద్దు, కమిటీ ద్వారా ఇచ్చి రసీదు తీసుకోండి. ఇంకో మాట. ఇచ్చినవాళ్లు కూడా పిల్లల వరుసలో నేల మీద కూర్చుని తినాలని నేను కోరుతున్నాను.

వ్యాఖ్యాత: ఫిబ్రవరిలో వార్షికోత్సవం ఉంటుందా?

ప్రధానోపాధ్యాయురాలు: ఉంటుంది. దాని గురించి ఒక విషయం ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన మరో బడిలో వార్షికోత్సవానికి బాగా ఆడే ఐదారుగురు పిల్లలనే ఎంచుకుని నెల రోజులు సాధన చేయించాను. ఆ రోజు ఒక తల్లి తన కూతురు వేదిక ఎక్కుతుందేమోనని చివరి దాకా ముందు వరుసలో కూర్చుంది. ఆ పాప ఎక్కలేదు. ఎందుకంటే నేను ఆమెకు ఏ పనీ ఇవ్వలేదు. వెళ్లిపోతూ ఆ తల్లి నన్ను ఏమీ అనలేదు. అది నన్ను ఈ రోజుకూ వదల్లేదు. అందుకే ఈసారి మన బడిలో పేరు నమోదైన ప్రతి బిడ్డా ఆ సాయంత్రం వేదిక మీద ఒక మాటైనా చెబుతుంది, ఒక పద్యమైనా పాడుతుంది, లేదా తాను రాసినదేదైనా చదువుతుంది. కార్యక్రమం పొడవైతే కానివ్వండి.

వ్యాఖ్యాత: మా అమ్మాయి ఏం చేయబోతోందో అడగవచ్చా?

ప్రధానోపాధ్యాయురాలు: ఆ కథ అలా ముగిసి ఉండకూడదని మీతో అన్నదన్నారు కదా. అది ఎలా ముగియాలో రాసి తెమ్మని రేపు తరగతిలో అడుగుతాను. వేదిక మీద అదే చదువుతుంది. ఆ రోజు ముందు వరుసలో మీ అమ్మగారిని కూర్చోబెట్టండి.

వ్యాఖ్యాత: తప్పకుండా, మేడమ్. తక్కెడ, రాళ్లు ఇవ్వగలిగినవాళ్లు, సంతకు కూరగాయలు పంపదలచినవాళ్లు బడి వేళల్లో నేరుగా మేడమ్ గారిని గానీ, కమిటీ సభ్యులను గానీ కలవగలరు. గణిత దినోత్సవం నాడు సంతలో కలుద్దాం.