నల్లని గీత మొదలైన చోటు

శ్రోతలందరికీ నమస్కారం.

మోటారుసైకిలు మీద నుంచి ఒక్కసారైనా పడనివాడికి ఇంకా బండి వచ్చినట్టు కాదని మా వీధిలో ఒక పెద్దాయన తరచూ అంటూ ఉండేవారు. మాట సరదాగానే ఉంటుంది గాని నాకు పూర్తిగా నచ్చదు. పడిన ప్రతివాడూ నేర్చుకునేవాడే అయితే, రెండోసారీ మూడోసారీ అదే తీరున పడేవాళ్లు ఉండకూడదు. పడడం వేరు, పడి నేర్చుకోవడం వేరు. ఆ రెంటికీ నడుమ ఒక కథ అడ్డం వచ్చి కూర్చుంటుంది. పడిన మనిషి లేచి బట్టలు దులుపుకొనే లోపలే ఆ కథ తయారైపోతుంది: కుక్క అడ్డం వచ్చింది, రోడ్డు మీద ఇసుక ఉంది, ఆటోవాడు చెయ్యి చూపకుండా తిప్పేశాడు. ఆ కథలో కుక్క ఉంటుంది, ఇసుక ఉంటుంది, ఆటో ఉంటుంది. బండి నడిపిన మనిషి చెయ్యీ కాలూ చివరి రెండు క్షణాలలో ఏం చేశాయన్నది మాత్రం ఉండదు. అటువంటి కథను నేను కూడా ఒకటి అల్లుకున్నాను. ఈ పూట దాని గురించే మాట్లాడతాను.

నా కాపురం విజయనగరం జిల్లా చీపురుపల్లిలో. ఆ రోజుల్లో నా ఉద్యోగం రాజాం వైపు ఒక పల్లెలో, బడిపంతులుగా. రోజూ వెళ్లి రావడానికి నాకొక వంద సీసీ బండి ఉండేది. ముందు చక్రానికీ వెనుక చక్రానికీ డ్రమ్ము బ్రేకులే ఉన్న పాత బండి. సంక్రాంతి వెళ్లి పది రోజులయింది. ఆ కాలంలో మన ప్రాంతపు దారులు ఎలా ఉంటాయో శ్రోతలకు నేను చెప్పనక్కరలేదు. ఒకప్పుడు ఊరి బయట కళ్లాలుండేవి, పశువులను తిప్పి నూర్చేవారు. ఇప్పుడు తారు రోడ్డే కళ్లమయింది. పెరికి తెచ్చిన ఉలవ మొక్కలను రోడ్డులో సగం మేర పరిచేస్తే, బస్సులూ లారీలూ పైసా అడగకుండా నూర్చిపెట్టి వెళ్తాయి. ఇది ప్రమాదమని తెలియక చేస్తున్నది కాదు, వేరే చోటు లేక చేస్తున్నదని నా అభిప్రాయం. అలాగని బండివాడి భయం అబద్ధం కాదు.

సాయంత్రం అయిదు గంటల వేళ ఇంటికి వస్తున్నాను. వేగం యాభై దాకా ఉంటుంది. ఎడమ వైపు పరిచిన ఉలవ కట్టలు దూరం నుంచే కనిపించాయి. ఒక ముసలాయన పంగలకర్రతో వాటిని తిరగేస్తున్నాడు, ఆయన భార్య చేటతో చెరుగుతోంది. ఎక్కడి నుంచి వచ్చిందో ఒక మేక కట్టలో మూతి పెట్టింది. దానిని అదిలించబోయి ముసలాయన రెండు అడుగులు రోడ్డు మధ్యకు వచ్చాడు. అంతే, నా కుడికాలు బ్రేకును నేలకంటా తొక్కేసింది. వెనుక చక్రం కీచుమని అరిచింది. బండి వెనుక భాగం నన్ను దాటి ముందుకు పోదామన్నట్టు ఎడమకు తిరిగింది. ఆ తరువాత నాకు గుర్తున్నది ఉలవకాయలు నా చెవి కింద పటపటలాడిన చప్పుడూ, ముక్కు నిండా పట్టిన నూగూ మాత్రమే.

మోకాలూ మోచెయ్యీ చెక్కుకుపోయాయి. అంతకు మించి ఏమీ కాలేదంటే అది ఆ ఉలవ కట్టల దయే, ఎందుకంటే హెల్మెట్ నా తల మీద లేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, అది అద్దానికి వేలాడుతోంది. ముందుగా ముసలమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏటి బాబూ, దెబ్బేటైనా గట్టిగా తగిలిందేటి? నెగవగలవా?" అంటూ చంకలో చెయ్యి వేసి లేపింది. నేను లేచిన వెంటనే చేసిన పని ఏమిటంటే, రోడ్డు మీ తాతగారిదా అని వాళ్లిద్దరినీ తిట్టడం. ముసలాయన అంతా విని, తలపాగా సర్దుకుని, "మా ఉలవల మీద కాదు బాబూ, అక్కడే జారీసినావు" అని వెనక్కి చూపించాడు. తప్పు తమ మీదికి రాకుండా ఉండడానికి అలా అంటున్నాడని నేననుకున్నాను. నిజానికి నేను అటు తిరిగి చూడనైనా లేదు.

ఆ రాత్రి మా ఆవిడ చొక్కా దులిపితే జేబులోంచి గుప్పెడు ఉలవలు రాలాయి. చారుకు సరిపోతాయంది. వారం రోజులు బడిలో అడిగినవారికీ అడగనివారికీ నేను చెప్పిన కథ ఒక్కటే: ఉలవలు నన్ను పడగొట్టాయి. ఎవరూ కాదనలేదు. ఎందుకంటే అది నమ్మడానికి వీలైన కథ. ఉలవల మీద జారిపడినవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

ఆదివారం నాడు, పడినప్పుడు పోయిన టిఫిను క్యారేజీ మూత కోసం అదే చోటికి వెళ్లాను. అప్పటికి కట్టలు ఎత్తేశారు. అవి పరిచిన మేర పొట్టు మాత్రం పచ్చగా మిగిలి ఉంది. మూత వెతుకుతూ ఉండగా రోడ్డు మీద ఒక నల్లని గీత కనిపించింది. సన్నగా మొదలై, నాలుగైదు అంగలు తిన్నగా సాగి, ఆ పైన లావై ఎడమకు వంపు తిరిగింది. వంపు ముగిసిన దగ్గర తారు మీద తెల్లని గాటు ఉంది, నా బండి ఫుట్‌రెస్టు గీరినది. ఆ గాటు దగ్గర నిలబడి పొట్టు అంచు వరకూ అంగలు వేశాను. మూడు అంగలు. అంటే నేను పడిన చోటుకు ఉలవలు ఇంకా మూడు అంగల దూరంలో ఉన్నాయి. శుభ్రమైన, పొడిగా ఉన్న తారు రోడ్డు మీద నేను పడ్డాను. పడిన తరువాత జారుకుంటూ పోయి ఉలవలలో ఆగాను. ముసలాయన చెప్పింది అక్షరాలా నిజం.

వంగిన ఫుట్‌రెస్టు సరిచేయించడానికి మెకానిక్కు దగ్గరకు వెళితే మిగిలిన సగం తెలిసింది. అతను వెనుక టైరును చేత్తో తిప్పి ఒకచోట ఆపాడు. అక్కడ గాడులు అరిగిపోయి, గీకినట్టు నున్నగా ఒక మచ్చ ఉంది. ముందు టైరు మీద అలాంటిదేమీ లేదు. తరువాత ముందు బ్రేకు పట్టబోతే పిడి సగం వరకూ వచ్చి మొరాయించింది. కేబులు ఊడదీసి చూపించాడు: లోపలి తీగె ఎర్రగా తుప్పు. "ఈ బ్రేకు ఎప్పుడైనా వాడేరా మాస్టారూ? వాడక తుప్పట్టీసింది" అన్నాడు. ఆరేళ్లుగా ఆ బండి నడుపుతున్నాను. ముందు బ్రేకు ఎప్పుడు పట్టానో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు.

ఎందుకు వాడలేదో మాత్రం బాగా గుర్తుంది. సీటు అందక, కమ్మీ మధ్యగా కాలు దూర్చి సైకిలు తొక్కే వయసులో మా నాన్నగారు చెప్పిన మొదటి జాగ్రత్త: "ముందు బ్రేకు పట్టకురా, మూతిపళ్లు రాలతాయి." ఆ భయం సైకిలుతో పాటు మోటారుసైకిలు మీదికి కూడా ఎక్కి కూర్చుంది. మీలో ఎంతమందికి ఈ మాట చెప్పి ఉంటారో నేను ఊహించగలను.

ఇప్పుడు పల్లెవెలుగు బస్సులో నిలబడి వెళ్తున్నారనుకోండి. డ్రైవరు బ్రేకు వేస్తే మనమందరం ఎటు తూలుతాం? ముందుకే గదా. బండి విషయంలోనూ అంతే. బ్రేకు పడగానే బరువంతా ముందు చక్రం మీదికి వాలుతుంది, అది నేలను గట్టిగా పట్టుకుంటుంది. వెనుక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రాన్ని కాలితో బిగబట్టితే అది తిరగడం మానేసి ఈడ్చుకుంటూ పోతుంది. ఈడ్చుకుపోయే చక్రానికి దిక్కు ఉండదు, పక్కకు తిరిగిపోతుంది. నేను చూసిన నల్లని గీత ఆ ఈడ్పుదే. ఆపగలిగిన బ్రేకును తుప్పు పట్టించి, ఆపలేని బ్రేకును ప్రాణభయంతో తొక్కాను.

ఇది నా ఒక్కడి తెలివితక్కువతనం కాదని తరువాత చదివి కొంత ఊరట పొందాను. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం, లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో జరిగిన 900 మోటారుసైకిలు ప్రమాదాలను, జరిగిన చోటికి వెళ్లి గీతలూ గాట్లూ కొలిచి పరిశీలించి, 1981లో నివేదిక ఇచ్చింది. ప్రమాదాన్ని గుర్తించిన తరువాత తప్పించుకోవడానికి నడిపేవారికి మామూలుగా దొరికిన సమయం రెండు సెకన్ల కన్నా తక్కువ అని అందులో తేలింది. ఆ కాస్త సమయంలో చాలామంది చేసిన పని వెనుక బ్రేకును అతిగా తొక్కి చక్రాన్ని జార్చడం, ముందు బ్రేకును చాలినంత వాడకపోవడం. వారిలో అత్యధికులు బండిని తమంతట తాము గాని, ఇంట్లోవారి దగ్గరా స్నేహితుల దగ్గరా గాని నేర్చుకున్నవారే. ఆ దేశం వేరు, ఆ రోడ్లు వేరు, ఆ బళ్లు చాలా పెద్దవి. కాలు చేసిన పని మాత్రం చీపురుపల్లి దారిలో నా కాలు చేసినదే.

కాబట్టి నాకున్న ఈ కొద్ది సమయంలో ఒక్క సంగతే చెబుతాను. ముందు బ్రేకు పట్టడం నేర్చుకోండి. గుంజడం కాదు, పట్టడం. తడిబట్టను పిండేటప్పుడు చెయ్యి మొదట మెత్తగా పట్టి క్రమంగా బిగిస్తుంది చూడండి, అలా. బండి నిటారుగా, చక్రం తిన్నగా ఉన్నప్పుడు, శుభ్రమైన రోడ్డు మీద. మలుపులో వంగి ఉన్నప్పుడూ, ఇసుక మీదా, ఉలవల మీదా ముందు బ్రేకు గట్టిగా పట్టితే మా నాన్నగారు చెప్పినదే జరుగుతుంది. ఆయన మాట అక్కడ సత్యం. అందుకే రోడ్డు మీద పంట కనిపిస్తే, దానిని చేరకముందే, తారు మీదనే వేగం తగ్గించుకోవాలి. దాని మీదికి ఎక్కాక బ్రేకూ వద్దు, తిప్పడమూ వద్దు, మెల్లగా తిన్నగా దాటిపోవాలి.

కొత్త బళ్లకు ఈ బెడద కొంత తగ్గింది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ మించిన కొత్త బళ్లకు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి అయింది. అంతకు లోపలి వాటికి కనీసం రెండు బ్రేకులనూ కలిపి పనిచేయించే ఏర్పాటైనా ఉండాలని అప్పుడు నియమం పెట్టారు. అయితే మన పల్లెదారులలో తిరిగే బళ్లలో పాతవి ఎన్నో ఉన్నాయి, వాటి మీద ముగ్గురేసి కూర్చుని వెళ్లేవారూ ఉన్నారు.

నేను ఎలా నేర్చుకున్నానో కూడా చెప్పాలి. మా ఊరి శివారులో ఇళ్ల స్థలాల కోసం ఒక లేఅవుట్ వేశారు. ఇల్లు ఒక్కటీ లేదు గాని రోడ్డు నల్లగా నిగనిగలాడుతోంది. వరుసగా నాలుగు ఆదివారాలు తెల్లవారుజామున అక్కడికి వెళ్లాను, ఈసారి హెల్మెట్ తల మీదనే పెట్టుకుని, గడ్డం కింద పట్టీ బిగించి. సుద్దముక్కతో అడ్డగీత గీసి, ముప్ఫై వేగంతో వచ్చి, గీత దగ్గర బ్రేకు వేసి, ఆగిన చోటికి అంగలు లెక్కపెట్టాను. వెనుక బ్రేకు ఒక్కదానితో పదమూడు అంగలు. రెండూ కలిపితే మొదటి రోజు పది, నాలుగో ఆదివారానికి ఏడు. ఆ ఆరంగల తేడాలో ఒక ముసలాయనా, ఒక మేకా నిలబడడానికి చోటుంది. ఇక వేగం రెట్టింపైతే ఆగే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. ఈ లెక్కను పదో తరగతి పిల్లలకు ఏళ్ల తరబడి నల్లబల్ల మీద చేసి చూపించినవాడిని, లేఅవుట్‌లో గాని నమ్మలేదు.

మరుసటి ఏడాది సంక్రాంతి తరువాత అదే దారిలో అవే ఉలవ కట్టలు, అదే పంగలకర్ర. దూరం నుంచే వేగం తగ్గించుకుని, కట్టలకు చాలా ముందే బండి ఆపి దిగాను. ఆయన నన్ను పోల్చుకోలేదు. పడిన సంగతి గుర్తుచేసి, ఆ రోజు నేను జారింది మీ ఉలవల మీద కాదు, మీరు చెప్పిందే నిజమని చెప్పాను. ఆయన పంగలకర్ర ఆపకుండానే, "ఆ మాట నాను అప్పుడే సెప్పేను గదా బాబూ" అన్నాడు.