కాలవలు కట్టేసిన ఆ కొద్ది వారాలు

[దృశ్యం: కోనసీమలో సముద్రానికి దగ్గర్లోని ఒక మురుగు కాలవ. గట్టు మీద మాట్లాడే వ్యక్తి, చేతిలో కొబ్బరి డొక్క.]

ఈ డొక్క నీళ్లలో వేస్తున్నాను, చూడండి. చేలల్లో ఎక్కువైన నీరు సముద్రంలోకి దిగడానికి తవ్విన డ్రెయిన్ ఇది. డొక్క అటు పోవాలి. కానీ ఇటు వస్తోంది, ఊరి వైపు. సముద్రం పోటు మీద ఉంది మరి.

[దృశ్యం: గుర్రపుడెక్కలో చిక్కుకుని ఆగిపోయిన డొక్క.]

పోటు మన తాతలకీ తెలుసు. ఆటు రాగానే నీరు దిగిపోతుందన్న ధీమాతోనే వాళ్లు సార్వా వరి ఊడ్చేవారు. ఆ ధీమా ఇప్పుడు సడలుతోంది. 1901 నుంచి ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. ఇటు గోదారి తెచ్చే ఒండ్రు ఎగువ రిజర్వాయర్లలో ఆగిపోయి, 1970లతో పోలిస్తే సగానికి పైగా తగ్గింది. ఒండ్రు పడకపోతే డెల్టా నేల కుంగుతూ పోతుంది. సముద్రం పైకి, మనం కిందికి. మధ్యలో ఈ డ్రెయిన్, దాని నిండా గుర్రపుడెక్క. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారంటే, గిట్టుబాటు కాని ధరతో పాటు ఈ ముంపు బాధ కూడా కారణమే.

[దృశ్యం: గోదారి మధ్యలో నీట మునిగిన లంక, పడవలో జనం.]

ఇప్పుడు 2022కి వెళ్దాం. మే 24న కోనసీమ జిల్లా కేంద్రం అమలాపురం తగలబడింది. జిల్లా పేరులో అంబేడ్కర్ పేరు చేర్చాలన్న ప్రతిపాదనను వ్యతిరేకిస్తూ మొదలైన ఆందోళన అది. ఇళ్లకు నిప్పు పెట్టారు, రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. పక్కపక్క వీధుల వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేని రోజులు. రెండు నెలలు తిరక్కుండానే, జులైలో, గోదారి మీది ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది వరద. గోదారికి పెద్ద వరద మామూలుగా ఆగస్టులో వస్తుంది. ఆ ఏడు ముందే వచ్చేసింది. లంకలు మునిగాయి.

ఈ రెండిటినీ విడివిడి వార్తలుగా చూశాం. నాకైతే ఒకటే విషయం అనిపిస్తుంది. ఎందుకో చెప్తాను.

ఏటా వేసవిలో కాలవలు కట్టేస్తారు, అంటే సాగునీళ్లు ఆపేస్తారు, జూన్‌లో మళ్లీ వదులుతారు. పూడిక తీయాలన్నా, గట్లు బలపరచాలన్నా మనకున్నది ఆ కొద్ది వారాలే. పై ఊరివాళ్లు గుర్రపుడెక్క తీసి కిందికి తోసేస్తే, కింది ఊరి వంతెన దగ్గర అది ఆనకట్టలా పేరుకుంటుంది. చెరువు గట్టు డ్రెయిన్‌లోకి జరిపిన ఆసామిని అడగాలంటే ఒక్కడి వల్ల కాదు. అన్ని ఊళ్లూ, అన్ని కులాలూ ఒక్కచోట కూర్చోవాల్సిన పని. సరిగ్గా ఆ వారాల్లోనే 2022లో మనం కొట్టుకున్నాం.

నీళ్లొస్తే అందరూ మునుగుతారంటారు. నిజమే, కానీ అందరూ ఒకేలా మునగరు. చాలా ఊళ్లలో దళితులుండే పేట పల్లంలో ఉంటుంది, నీరు ముందు అక్కడికే వస్తుంది, చివరికి అక్కణ్ణుంచే పోతుంది. నారు కుళ్లిపోయిన కౌలుదారుకి పరిహారం అందాలంటే పంట సాగుదారు హక్కు కార్డు కావాలి. 2019 చట్టం ప్రకారం కార్డుకి భూమి యజమాని సంతకం కావాలి. ఆ ఇద్దరికీ మాటల్లేకపోతే?

ప్రపంచానికీ గడువుంది. పారిశ్రామిక యుగానికి ముందుకంటే భూమి వేడి 1.5 డిగ్రీలకు మించి పెరగకూడదంటే, 2030కల్లా కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలు 2010 నాటికంటే 45 శాతం తగ్గాలని 2018లో ఐపీసీసీ, అంటే వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం, చెప్పింది. అప్పటినుంచి తగ్గకపోగా పెరిగాయి. పెద్ద దేశాలను నిలదీయాల్సిందే. ఈలోగా ఈ డ్రెయిన్ మన చేతిలో ఉంది.

[దృశ్యం: ఖాళీగా ఉన్న బడి ఆవరణ.]

ఈసారి కాలవలు కట్టేయగానే మీ ఊళ్లో డ్రెయిన్ మీద మీటింగ్ పెట్టండి. అందరూ జంకు లేకుండా వచ్చి కూర్చోగలిగే చోట, బడి ఆవరణలో పెట్టండి. పేట నుంచి, లంక నుంచి, కౌలుదార్ల నుంచి మనుషులు వచ్చేదాకా మొదలుపెట్టకండి. ఆడవాళ్లనూ పిలవండి, ముంపులో వంటింటి నీళ్లు ఎత్తిపోసేది వాళ్లే. పోటు వేళ చూసుకుని పెట్టండి. మాటలు ముదిరితే అందరూ లేచి గట్టు దాకా నడవండి, ఒక డొక్క నీళ్లలో వేసి ఎటు పోతుందో చూడండి.