67పి మీద ఎండ: పైపొర మాటున అసలు పదార్థం

రవి: నమస్కారం. ఈ రోజు విషయం, 67పి అనే తోకచుక్క కేంద్రకాన్ని, అంటే దాని నడుమ ఉండే మంచు, ధూళి ముద్దను, దాని ధూళిని ఎండ ఎలా మారుస్తుందన్నది. అక్కా, ముందే చెబుతున్నాను, దాని మీద దిగిన చిన్న నౌక ఫిలే సంగతి చివర్లో.

పద్మ: చివరిదాకా నేను ఆగనని జనవరి ఎపిసోడ్ విన్నవాళ్లకు తెలుసు. సరే, కానివ్వు.

రవి: 2014 ఆగస్టులో రోసెట్టా అంతరిక్ష నౌక 67పిని చేరి చూస్తే అంతా నలుపు. పడిన వెలుగులో ఆరు శాతమే తిరిగొస్తోంది. ఎండకు మంచు నీరు కాకుండానే ఆవిరై, సన్నని ధూళిని వెంటబెట్టుకు పోతుంది. బరువైన రేణువులు పైన పొరగా మిగులుతాయి.

పద్మ: అతినీలలోహిత కిరణాలు, విశ్వకిరణాలు కర్బన పదార్థాల్లోని హైడ్రోజన్‌ను ఊడగొడతాయి. అవి ఇంకా నల్లబడతాయి.

రవి: అయినా అది 460 కోట్ల ఏళ్ల నాటి సరుకే. పైగా 1959లో గురుగ్రహానికి దగ్గరగా పోయాకే 67పి సూర్యుడికి ఇంత చేరువైంది. అంతలోనే ఎంత మారుతుంది?

పద్మ: అక్కడే నేను ఒప్పుకోను. దాదాపు ఆరున్నరేళ్లకోసారి ఎండలోకి వస్తోంది. మనకు కనబడేది సూర్యుడు మార్చిన పొర. అసలుది చూడాలంటే తవ్వాలి. అందుకే ఫిలే...

రవి: వచ్చేసింది!

పద్మ: రానివ్వు. 2014 నవంబరు 12న దిగింది, నేలలో గుచ్చుకుని పట్టుకోవాల్సిన హార్పూన్లు పేలలేదు, గెంతుకుంటూ పోయి ఒక గట్టు నీడలో ఆగింది. అక్కడ దాని సుత్తి ఎంత కొట్టినా లోపలికి దిగలేదు. ఎండకు పుట్టిన ఆవిరిలో కొంత లోపలికి పోయి, మళ్లీ గడ్డకట్టి రేణువులను అతికిస్తుందని ఒక వివరణ.

రవి: మరి దానికి ముప్పై మీటర్ల అవతల? రెండోసారి తగిలినచోట ఫిలే బండలో పావు మీటరు గుంట చేసింది. లోపలి మంచు కాపుచినో నురగ కంటే మెత్తనని 2020లో తేల్చారు. గట్టిపడటం అన్నిచోట్లా ఒకేలా లేదు కదా!

పద్మ: లేదు. కానీ ఆ మెత్తదనం బండ లోపలిది, ఎండ తగలని చోటిది. నువ్వు నా వాదనే చెబుతున్నావు.

రవి: ...అది నిజమే. 67పి మీది అస్వాన్ గట్టు కూడా అంతే. 134 మీటర్ల ఎత్తు. 2015 జూలై 10న కూలి, చుట్టుపక్కల కంటే ఆరు రెట్లు తెల్లటి మంచు బయటపడింది.

పద్మ: ఏడాది తిరిగేసరికి అదీ చాలావరకు నల్లబడింది. ఆ ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

రవి: ధూళి సంగతి రెండు ముక్కల్లో. దక్షిణాన కురచ వేసవి, ఎండ తీవ్రం. అక్కడ లేచిన రేణువుల్లో కొన్ని ఉత్తరాన పడి హాపి ప్రాంతాన్ని కప్పేస్తాయి.

పద్మ: సూర్యుడి దగ్గర ఒకసారి కాగినవే! చూడు, ఫిలే సుత్తి ఆ ముప్పై మీటర్ల అవతల పడి ఉంటే...

రవి: అక్కా, వచ్చేవారం హేలీ తోకచుక్క.

పద్మ: హేలీ కూడా నలుపే. 1986లో జొట్టో నౌక చూసింది, తిరిగొచ్చే వెలుగు నాలుగు శాతం. దానికీ ఒక సుత్తి కావాలి.