బోరుకు అనుమతి ఇచ్చే ముందు చూడవలసిన లెక్క

[తెర మీద: ఎర్రనేల చెలక. పక్కన అంకె: 4,047 లీటర్లు]

వ్యాఖ్యానం:
ఎకరం నేల మీద ఒక్క మిల్లీమీటరు వాన కురిస్తే 4,047 లీటర్ల నీళ్ళు. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. అక్కడ అడుగున ఉన్నది రాయి. కురిసినదానిలో పదో వంతు లోపలికి ఇంకిందనుకున్నా 55 మిల్లీమీటర్లే.

ఇక రబీలో బోరు కింద వరి వేశారనుకుందాం. పంటకాలం మొత్తానికి దాదాపు 1,200 మిల్లీమీటర్లు కట్టాలి. భాగహారం చేసి చూడండి. ఒక్క ఎకరం వరికి దాదాపు 22 ఎకరాల్లో ఇంకిన వాన కావాలి! మడిలో కట్టిన నీటిలో కొంత మళ్ళీ నేలలోకి దిగుతుంది, నిజమే. ఆ మేరకు తగ్గించినా, ఎందరో ఇరుగుపొరుగు రైతుల పొలాల కింది నీరు ఆ మడికి వస్తోంది. అదే వేరుశనగకు సుమారు 500 మిల్లీమీటర్లు చాలు.

[తెర మీద: బోరు వేస్తున్న రిగ్గు, పైకి ఎగసే రాతిపొడి]

ఈ లెక్క దగ్గర లేకుండా కొత్త బోరుకు సరేనన్నా, వద్దన్నా అది గుడ్డి నిర్ణయమే.

మనకు 2002 నుంచి వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం, ఉంది. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా బావి తవ్వకూడదు. బావులనూ రిగ్గులనూ నమోదు చేయించాలి. ఏటా చేరే నీటికన్నా తోడేది ఎక్కువైతే ఆ ప్రాంతం ‘అతి వినియోగం’ జాబితాలో చేరుతుంది. ఇవన్నీ అవసరమే. కానీ అనుమతి ప్రధానంగా బోరు ఎక్కడ వేస్తున్నారన్న దాని చుట్టూ తిరుగుతుంది. వచ్చే ఏడాది ఆ బోరు కింద వరి నాటుతారా, కంది విత్తుతారా అన్నది దాని చేతిలో లేదు. నీటిమట్టాన్ని తేల్చేది మాత్రం ఆ పంట ఎంపికే.

[తెర మీద: ఊరి గోడ మీద రంగులతో రాసిన నీటిమట్టాల పట్టిక]

ఈ ఖాళీని రైతులే పూరించిన అనుభవం మన దగ్గరే ఉంది. నెదర్లాండ్స్ నిధులతో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2000ల దశకంలో ఏడు కరువు జిల్లాల్లో ఒక పథకం నడిచింది. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో 600కు పైగా గ్రామాలు అందులో ఉన్నాయి. రైతులు, వారిలో మహిళలు కూడా, రోజూ వానమాపకం చూసి రాసుకున్నారు. పదిహేను రోజులకొకసారి బావుల్లో నీటిమట్టం కొలిచారు. డ్రమ్ము నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూసి బోరు ఎంత పోస్తుందో తేల్చారు.

రబీకి ముందు ఒకే వాగు పరీవాహకంలోని ఊళ్ళన్నీ ఒకచోట చేరేవి. నేలలో ఎంత ఉంది, అనుకున్న పంటలకు ఎంత కావాలి అన్నది అందరి ముందు లెక్క కట్టేవారు. ఎవరూ వరి వద్దని ఆజ్ఞాపించలేదు. పంట మార్చినందుకు డబ్బూ ఇవ్వలేదు. అయినా చాలా చోట్ల రబీలో వరి తగ్గింది, నీటి వాడకమూ తగ్గింది. అన్ని చోట్లా కాదు. కానీ తన చేత్తో కొలిచిన అంకెను రైతు నమ్మాడు. నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఆ నమ్మకమే.

[తెర మీద: మోటారు స్టార్టరు పెట్టె]

ఒక పెద్ద లోటు మిగిలే ఉంది. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చాక చాలా బోర్లు మీటరు లేకుండానే నడిచాయి. నేలలోకి ఎంత చేరిందో అంచనా వేస్తాం. బయటికి ఎంత తీశామో మాత్రం సరిగా రాయం. కరెంటు ఇచ్చిన గంటలను బోరు పోసే నీటితో హెచ్చవేస్తే ఊరి స్థాయిలో పనికొచ్చే లెక్క దొరుకుతుంది. కొత్త అనుమతి దస్త్రంలో ఆ కాగితం కూడా ఉండి తీరాలి.

[తెర మీద: పరిశీలక బావి, పక్కన రెండు అంకెల గళ్ళు]

మీ ఊరికి దగ్గరలో భూగర్భ జల శాఖ పరిశీలక బావి ఎక్కడుందో కనుక్కోండి. వానలకు ముందు మే నెలలో, వానల తరువాత నవంబరులో అక్కడి నీటిమట్టం ఎంతో అడగండి. గత ఐదేళ్ళ అంకెలు తీసుకుని, రబీ విత్తనాలు కొనకముందే గ్రామసభలో చదివించండి.