అప్‌లోడ్ అయింది, కానీ బిడ్డు అందలేదు: ఈ-టెండర్లలో ఆలస్యం ఎక్కడ పుడుతుంది?

[స్క్రీన్ మీద: టెండరు పోర్టల్. పైన సర్వర్ టైమ్ 14:58:40]

నమస్కారం. ఫైళ్లన్నీ ఎక్కించారు, ఈఎండీ (బిడ్డుతో పాటు కట్టే ధరావతు సొమ్ము) కట్టారు, రేట్లు నింపారు. మూడింటికి టెండరు క్లోజ్. తీరా తెరిచిన రోజు చూస్తే జాబితాలో మీ పేరే లేదు. ఆఫీసుకు ఫోన్ చేస్తే ఒకటే మాట: "మాకు మీ బిడ్డు రాలేదండీ."

అదెలా జరుగుతుందో కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ తయారు చేసిన పోర్టల్‌ను పట్టుకుని చూద్దాం. కేంద్ర శాఖల్లో ఎక్కువగా వాడేది అదే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పోర్టళ్లలో బటన్ల పేర్లు వేరుగా ఉంటాయి, కాబట్టి అక్కడ వేసేవాళ్లు ఆ పోర్టల్ మాన్యువల్ కూడా చూసుకోండి.

ముందు రూలు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి, అంటే జీఎఫ్ఆర్ 2017లో 165వ నిబంధన రెండు ముక్కల్లో తేల్చేసింది: గడువు దాటి వచ్చిన బిడ్డును పరిశీలించకూడదు. పది రోజులు ఆలస్యమైనా, పది సెకన్లు ఆలస్యమైనా ఒకటే. అధికారికి దయ ఉన్నా చేసేదేమీ లేదు. మిమ్మల్ని రానిస్తే, టైముకు వేసినవాడు మర్నాడే కోర్టుకెళ్తాడు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలయ్యే దాకా కాగితం కవర్లు, తాళం వేసిన టెండరు పెట్టె ఉండేవి. పోటీదారుణ్ణి ఆఫీసు గేటు దగ్గర అడ్డుకుంటే చాలు, అతని కవరు లేటయ్యేది. ఆన్‌లైన్ వచ్చాక ఆ బెడద తగ్గింది. ఇప్పుడు మనల్ని మనమే ఆపుకుంటున్నాం.

[స్క్రీన్ మీద: "ఫ్రీజ్ బిడ్" బటన్ దగ్గరగా]

బిడ్డు "అందింది" అని ఎప్పుడంటారు? ఐటీ చట్టం 2000, సెక్షన్ 13 ప్రకారం, అవతలివాళ్లు ఫలానా కంప్యూటర్ వ్యవస్థలోకే పంపమని చెప్పి ఉంటే, రికార్డు అందులోకి చేరిన క్షణమే అందినట్టు. మీరు పంపిన క్షణం కాదు. పోర్టల్ గడియారం కూడా మీ ఫోన్‌ది కాదు, డ్యాష్‌బోర్డు మీద కనిపించే సర్వర్ టైమే లెక్క.

ఎక్కువమంది జారిపోయేది ఇక్కడే. ఫైలు అప్‌లోడ్ అవడం బిడ్డు వేయడం కాదు. టెక్నికల్ కవరు (అర్హత పత్రాలు), ఫైనాన్షియల్ కవరు (రేట్లు) రెండూ ఎక్కాక "ఫ్రీజ్ బిడ్" నొక్కాలి. అప్పుడు బిడ్డు నంబరు, తేదీ, సమయంతో ఒక సారాంశం పేజీ వస్తుంది. అది వచ్చిందంటే బిడ్డు పడింది. రాలేదంటే, ఫైళ్లు ఎన్ని ఎక్కినా పడనట్టే.

ఈ బటన్ మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు ఉంది. ముంబైలో బీడీడీ చాల్‌ల (పాతకాలపు సామూహిక నివాస భవనాల) పునరభివృద్ధికి మహారాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా టెండరు పిలిచింది. షాపూర్‌జీ పల్లోంజీ సంస్థ తాము పత్రాలన్నీ ఎక్కించామని, రసీదు మాత్రం రాలేదని వాదించింది. బొంబాయి హైకోర్టు ఆ బిడ్డును పరిగణించమంది. 2018లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అంత పెద్ద కంపెనీకే దొరకని వెసులుబాటు మనకు దొరుకుతుందని నమ్ముకోవద్దు.

[స్క్రీన్ మీద: స్కానర్ సెట్టింగులు]

ఇక చివరి గంటలో టైమును తినేసేవి చూద్దాం. మొదటిది స్కానింగ్. పోర్టల్ సూచనల్లోనే 100 డీపీఐ (అంగుళానికి వంద చుక్కలు), బ్లాక్ అండ్ వైట్ అని ఉంటుంది. 300 డీపీఐలో తీస్తే ఒక్కో పేజీకి పిక్సెళ్లు తొమ్మిది రెట్లు, రంగులో తీస్తే బరువు ఇంకా ఎక్కువ. 40 ఎంబీ ఫైలును సెకనుకు ఒక మెగాబిట్ అప్‌లోడ్ స్పీడులో పంపితే 5 నిమిషాల 20 సెకన్లు పడుతుంది, అదీ మధ్యలో ఎక్కడా తెగకపోతే. ఇంటర్నెట్ ప్లాన్ మీద రాసి ఉండేది డౌన్‌లోడ్ స్పీడు. మీక్కావాల్సింది అప్‌లోడ్ స్పీడు, ముందే కొలుచుకోండి. పాన్, ఆడిట్ రిపోర్టుల వంటివి ప్రతి టెండరుకూ కావాల్సినవే, వాటిని "మై స్పేస్"లో ఎప్పుడో ఎక్కించి పెట్టుకోవచ్చు.

రెండోది బీఓక్యూ, అంటే పనులు, పరిమాణాలు, రేట్ల పట్టిక. పోర్టల్ నుంచి దించుకున్న ఎక్సెల్‌లోనే, తెల్ల గడుల్లోనే నింపాలి. ఫైలు పేరు మార్చకూడదు, వరుసలు చేర్చకూడదు. "ఫైనల్ రేట్" అని పేరు మార్చి సేవ్ చేసి, ఎక్కించేటప్పుడు తిరస్కరిస్తే మళ్లీ మొదటి నుంచి నింపేవాళ్లు ఎంతోమంది. ఈలోపు కొరిజెండం (టెండరుకు సవరణ ప్రకటన) వచ్చి బీఓక్యూ మారిందా, పాతది చెల్లదు. ఆఖరి రోజు పొద్దున ఒకసారి కొరిజెండాలు చూడటం తప్పనిసరి.

మూడోది డీఎస్‌సీ, అంటే యూఎస్‌బీ టోకెన్‌లో ఉండే డిజిటల్ సంతకం సర్టిఫికెట్. సైనింగ్, ఎన్‌క్రిప్షన్ రెండూ ఉన్న క్లాస్ 3 సర్టిఫికెట్ కావాలి. గడువు తేదీ టోకెన్ మీద రాసి ఉండదు, సాఫ్ట్‌వేర్ తెరిస్తేనే కనిపిస్తుంది. పిన్ పదేపదే తప్పు కొడితే టోకెన్ లాకవుతుంది, ఆ గంటలో దాన్ని తెరిపించేవాడు దొరకడు. కొత్త సర్టిఫికెట్ తీసుకుంటే పోర్టల్‌లో దాన్ని నమోదు చేసుకునే పని వేరే ఉంటుంది.

నాలుగోది ఈఎండీ. చలానాలో ఇచ్చిన ఖాతాకు, అందులో ఉన్న మొత్తమే, పైసా తేడా లేకుండా వెళ్లాలి. రెండు బిడ్లకు కలిపి ఒకేసారి పంపొద్దు. నెఫ్ట్ అరగంటకో బ్యాచ్‌గా నడుస్తుంది. రెండు లక్షలు, ఆపైన అయితే ఆర్‌టీజీఎస్ వాడొచ్చు, 2020 డిసెంబరు నుంచి అది 24 గంటలూ ఉంది. కానీ కొత్త లబ్ధిదారుకు మీ బ్యాంకు మొదటి రోజు పరిమితి పెట్టొచ్చు. అందుకే ఈఎండీ ఒకరోజు ముందే కట్టేయండి.

"ముందే వేస్తే రేటు బయటికి పొక్కుతుంది కదా?" చివరి నిమిషం దాకా ఆగేవాళ్ల అసలు భయం ఇదే. బిడ్డు ఎన్‌క్రిప్ట్ అయి, అంటే ఎవరూ చదవలేని సంకేత రూపంలో ఉంటుంది. తెరిచే సమయం వచ్చాక, నిర్ణయించిన అధికారులు కనీసం ఇద్దరు తమ డీఎస్‌సీలతో తెరవాలి. పైగా గడువు లోపల బిడ్డును ఎన్నిసార్లయినా మార్చి మళ్లీ వేయొచ్చు. ముందురోజే ఒక రేటుతో ఫ్రీజ్ చేయండి, మనసు మారితే మర్నాడు సవరించి మళ్లీ ఫ్రీజ్ చేసి కొత్త రసీదు తీసుకోండి. నిజానికి రేటు బయటికి పొక్కేది పోర్టల్లో కంటే టీ కొట్టు దగ్గరే ఎక్కువ.

ఒక్క జాగ్రత్త. మార్చాలనుకున్నప్పుడు "విత్‌డ్రా" నొక్కొద్దు. ఉపసంహరించుకున్న బిడ్డును అదే టెండరులో మళ్లీ వేయనివ్వదు.

[స్క్రీన్ మీద: ఎర్రర్ మెసేజ్, పక్కనే సర్వర్ టైమ్]

నిజంగా పోర్టలే మొరాయిస్తే? ఎర్రర్, సర్వర్ టైమ్ రెండూ ఒకే ఫ్రేములో వచ్చేలా స్క్రీన్‌షాట్ తీయండి. హెల్ప్‌డెస్క్‌లో ఫిర్యాదు నంబరు తీసుకోండి. టెండరు పిలిచిన అధికారికి ఈమెయిల్ పెట్టండి, గడువు లోపలే. గడువు పొడిగించే అధికారం ఆయనదే, ఆ పనీ కొరిజెండంతోనే జరగాలి. మూడున్నరకు పంపే మెయిల్ సాకు కింద పోతుంది.

చివరిగా, చాలామంది మర్చిపోయే రెండో గడువు. ఈఎండీ డీడీ, బ్యాంకు గ్యారంటీ, అఫిడవిట్ల ఒరిజినళ్లు ఆఫీసుకు చేర్చమని కొన్ని టెండర్లలో ఉంటుంది. ఆ తేదీ, సమయం ఎన్ఐటీలో (టెండరు ప్రకటనలో) వేరే చోట రాసి ఉంటాయి. కొరియర్ ఆలస్యమైతే ఆ భారం మీదే. సెక్యూరిటీ గార్డు సంతకం పెట్టి తీసుకున్నంత మాత్రాన టెండరు సెక్షన్‌కు చేరినట్టు కాదు. మనిషిని పంపి, ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, సమయం వేయించిన నకలు తెచ్చుకుని, బిడ్డు సారాంశం పేజీతో కలిపి దాచండి. టెక్నికల్ బిడ్డు తెరిచిన రోజు "ఒరిజినల్ అందలేదు" అంటే చూపించాల్సిన కాగితం అదే.